పేరు చెప్పలేదు పిన్నిగారూ

మొన్న తాళ్లరేవు నుంచి మా తోటికోడలు వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాబోతూ ఆగి, వెనక్కి తిరిగి, వంగి, ఆ చెప్పుల ముక్కులు వీధివైపుకి తిప్పి పెట్టింది. పెట్టి నా మొహంలోకి చూసింది.

“పోయిందటే,” అంది.

ఎవరని నేను అడగలేదు. అలా చెప్పులు తిప్పి పెట్టే మనిషి మా ఇద్దరికీ తెలిసి ఒక్కతే. ఎలా పోయింది, ఏ ఊళ్లో పోయింది అని కూడా అడగలేదు. కాఫీ పెడతానని లోపలికి వెళ్లాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు రాయకపోతే ఎవరూ పోల్చుకోరన్న భ్రమ నాకు లేదు. ఆ భ్రమ ఎంత పని చేస్తుందో కళ్లారా చూసినదాన్ని. అయినా పెద్దవాళ్లని పేరుపెట్టి అనడం మా ఇళ్లల్లో అలవాటు లేదు. అలవాటు లేని పని ఈ వయసులో ఎందుకు?

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిపోయిన కొత్తల్లో, అక్కడి మెట్టకూరులో మా వీధి చివర ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని, ఆడవాళ్లకీ పిల్లలకీ సంక్షేమ కేంద్రమని పెట్టారు. ఒక కుట్టుమిషను, పిల్లల్ని తూచే త్రాసు, మూలన పాలపొడి పీపా, వీటన్నిటికీ కలిపి ఆవిడ. కాయితాల్లో ఆవిడ ఉద్యోగం గ్రామసేవిక. మా నోళ్లకి మాత్రం సెంటరమ్మగారు. ముప్ఫై ఏళ్లు ఉంటాయో ఉండవో. పొడుగ్గా, పలచగా, సన్నంచు తెల్లచీరలో ఉండేది. అటు దరియాలతిప్ప నుంచి ఇటు అడవిపొలం దాకా నడిచే తిరిగేది. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు తెరిచే ఉండేది. ఎందుకండీ అంటే, “చెయ్యి ఖాళీగా ఉంటే ఊపుకుంటూ నడుస్తానమ్మా. ఆడది చేతులూపుకుంటూ వస్తే మీ ఊళ్లో తలుపు తీస్తారా?” అనేది.

చెప్పుల సంగతీ అంతే. తరిమితే వెతుక్కోకుండా వేసుకుని పోవచ్చట. నిజంగానే తొలిరోజుల్లో ఒకరిద్దరు తరిమారు. మా ఊరివాళ్లకి అప్పటికి ఇంటికొచ్చి మంచిచెడ్డలు అడిగే సర్కారు మనిషి అంటే పన్నులవాడే.

ఏ ఇంటికి వెళ్లినా కూర్చోకముందే మంచినీళ్లు అడిగేది. “ముందు ఏదైనా ఒకటి అడిగి పుచ్చుకోవాలమ్మా, ఇచ్చిన చెయ్యి తరమదు,” అని తనకి మొదటి శిక్షణలోనే నేర్పారట. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేసరికి కడుపు కుండలా అయిపోయేదని తనే చెప్పి నవ్వేది.

యానాం ఆవిడకి కొత్త కాదు. అవతల ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో పసిపిల్లలకి పెళ్లిళ్లు కూడదని చట్టం వచ్చిన రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బళ్లు కట్టుకుని యానాం వచ్చి మూడుముళ్లూ వేయించుకుని పోయేవారు. ఇక్కడ ఆ చట్టం లేదుగా. ఆవిడకీ అలాగే అయింది. మొగుడి మొహం గుర్తుండే వయసు రాకముందే అతను పోయాడు. “ఎవరింటి అరుగు మీదో మరి. చేతిలో బూరె పెట్టి కదలకే అన్నారు. కదల్లేదు. అంతే గుర్తు,” అనేది. కొత్త వీధిలోకి వెళ్తే ముందు అరుగులన్నీ ఒకసారి పరకాయించి చూసేది. మేం నవ్వితే మాతో పాటు తనూ నవ్వేది. అందులో నవ్వడానికి ఏముందో ఇప్పుడు నాకు తెలియడం లేదు.

దేవుడు ఆవిడకి ఒక విద్య ఇచ్చాడు. ఒక్కసారి చూస్తే చాలు, మనిషిని అచ్చుగుద్దినట్టు దింపేసేది. చీటీ మీదనించి తల ఎత్తకుండా మందులు రాసే డాక్టరు, బేరం కుదరకపోతే బుట్ట నెత్తిన పెట్టుకున్నట్టే పెట్టుకుని మళ్లీ దించే చేపలావిడ, ఫ్రెంచివాళ్ల నాటి ఎర్రటోపీ పోలీసు జవాను, ఎవరైనా సరే. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలో చెప్పడానికి, ఏడ్చే పిల్లా తనే, తల్లీ తనే, తాయెత్తు కట్టే ముసలమ్మా తనే. ఆడవాళ్లు సెంటరుకి వెళ్లింది అందుకే. పాలపొడికి వెళ్లారని పైవాళ్లు అనుకున్నారు. నవ్వుకోవడానికి వెళ్లేవాళ్లం. నవ్వి ఇంటికొచ్చి చూసుకుంటే, పిల్లాడికి నీళ్లు కాచి పట్టాలన్న సంగతి మాత్రం బుర్రలో ఉండిపోయేది.

ఏడాదికోసారి ఆవిణ్ణి పునశ్చరణ తరగతులకి పంపేవారు. అంటే ఉద్యోగంలో ఉన్నవాళ్లకి మళ్లీ చదువన్నమాట. మన పెత్తనమంతా పాండిచ్చేరిదే అయినా, అక్కడికి పంపితే అరవంలో చెబుతారు కాబట్టి కాకినాడ పంపేవారు. ఆవిడకి ఆ తరగతులంటే ప్రాణం. వెళ్లే ముందు కొత్త జాకెట్టు కుట్టుకునేది, పెన్సిళ్లు చెక్కుకునేది, గొడుగు పుల్లలు బాగుచేయించుకునేది. తిరిగొస్తే వీధంతా, తీర్థం నుంచి వచ్చినవాళ్లని ఏం తెచ్చారని అడిగినట్టు, “ఈసారి ఏం నేర్చుకొచ్చేరండీ?” అని చుట్టూ మూగేది.

ఒకసారి నూగుగుడ్డ అతికించిన పలక తెచ్చింది. గుడ్డతో చేసిన వంకాయ, తోటకూర, కోడిగుడ్డు దాని మీద నొక్కితే అతుక్కుంటాయట. మా ఏటిగాలి చెమ్మకి ఏదీ అతుక్కోలేదు. గుడ్డు జారి కిందపడితే, “చూసేరా? గుడ్డు తినాలి గానీ గోడకి అంటించకూడదని చెప్తంది,” అంది.

ఇంకో ఏడు వినడం నేర్పారట. ఎదుటివాళ్లు చెప్పేది అడ్డం రాకుండా వినాలి, సలహా తొందరపడి చెప్పకూడదు అని. ఆ వారమంతా ప్రతి ఇంటికీ వచ్చి, నీళ్లు తాగి, తల ఊపుతూ కూర్చుంది. నాలుగోనాడు మా అత్తగారు ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. “ఒంట్లో బాగోలేదేంటమ్మా? మాటా పలుకూ లేకుండా కూచున్నావు?” అన్నారు. దాంతో ఆ చదువు అక్కడికి సరి.

ఇక మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఇది ముందే చెప్పకపోతే నేను కూడా తరవాత కాకినాడ తరగతుల హాల్లో ఆవిడ మీద నవ్వినవాళ్లతో సమానమైపోతాను. మా మామగారు రామచంద్రపురం వైపు పల్లె నుంచి బియ్యం వ్యాపారానికని వచ్చి ఇక్కడ ఉండిపోయారు. ఆయన పోయాక ఇల్లూ కొట్టూ అత్తగారే నిలబెట్టారు. నాకు అమ్మ లేదు. తొలిచూలు పురుడు పుట్టింట్లో పొయ్యాలి గానీ, పొయ్యడానికి ఎవరున్నారు? అత్తగారే పోశారు. నడుముకి గుడ్డ తనే బిగించారు, సాంబ్రాణి పొగ తనే పట్టారు, పిల్లాడు గుక్కపడితే తనే భుజాన వేసుకుని తిరిగారు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

బాలింతకి నీళ్లు పడవని ఆవిడ నమ్మకం. ఒళ్లు నీరు పడుతుంది, పొట్ట జారిపోతుంది, వాతం కమ్ముతుంది. వెల్లుల్లి కారం కలిపిన పొడిఅన్నం, దాని మీద ఒక గుక్క వాము కషాయం. అంతే. నేను చెయ్యి చాపితే, కొంగు ఎడంవైపు బొడ్లో దోపి, కుడి అరచెయ్యి బోర్లా తిప్పి, “మా అత్త మాకిచ్చిందా? మేం చచ్చేమా?” అనేవారు. ఆ మాట ఆవిడకి ఊతపదం. కొత్తచీర దగ్గర్నుంచి పులుసులో ఇంగువ దాకా అన్నిటికీ అదే. వాళ్లత్త ఇవ్వలేదు, వీళ్లు చావలేదు.

వేసవికాలం. పురిటిగదికి అవతల గోడ పక్కనే నుయ్యి. చేద నీళ్లలో పడిన చప్పుడు వినిపిస్తే నా గొంతులో ఏదో కదిలేది. నాలుక అంగిట్లో అతుక్కుని మాట వచ్చేది కాదు. పిల్లాడికి పాలూ సరిగ్గా పడలేదు.

సెంటరమ్మగారు పిల్లాణ్ణి తూచడానికి వచ్చింది. నా పెదాల వంక చూసింది. అత్తగారి ముందు ఒక్క మాట అనలేదు. “పిన్నిగారూ, తూచేటప్పుడు గాలి తగలకూడదండి, కాస్త తలుపు జేరవేస్తాను,” అంది. వేసి, సంచీలోంచి మూత ఉన్న చెంబు తీసింది. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపిన పాలపొడి. “తాగు. మాట్లాడకు,” అంది. అప్పుడు తాగిన తాగుడు ఇంకెప్పుడూ తాగలేదు. ఆ తరవాత పురుడు వెళ్లేదాకా పిల్లాణ్ణి తూచని రోజు లేదు. మా అత్తగారు కూడా, “ఏ మాటకా మాటే, పని మీద శ్రద్ధ గల మనిషి,” అని మెచ్చుకునేవారు.

“అత్తయ్యకి చెప్పకండి అక్కగారూ,” అన్నాను ఆ మొదటిరోజు ఏడుస్తూ.

“నేనెవరితో చెప్తానమ్మా,” అంది. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అనుకుని అంది. అందులో నాకు అనుమానం లేదు.

ఆ ఏడు తరగతుల్లో కేసు చెప్పడం నేర్పారు. అక్కడేం జరిగిందో నాకు మా తోటికోడలే చెప్పింది. తను మా అత్తగారి చెల్లెలి కోడలు, తాళ్లరేవులో పిల్లల బడి పంతులమ్మ. తననీ అవే తరగతులకి పంపారు. మద్రాసు నుంచి వచ్చిన టీచరమ్మ, “మీరు చేసిన పనిలో మీకు తృప్తినిచ్చింది ఒకటి చెప్పండి. మనిషి పేరు మాత్రం చెప్పకూడదు. అది మన వృత్తిధర్మం,” అందట. అందరూ కాయితాలు చూసి చదివారు. చదువుతుంటే సగంమంది ఆవలించారు. ఈవిడ వంతు వచ్చింది. ఈవిడ కాయితం పక్కన పెట్టి లేచి, కొంగు ఎడంవైపు బొడ్లో దోపింది.

“దోపగానే నాకు ముచ్చెమటలు పోసేయే,” అంది మా తోటికోడలు. “నోరు కూడా విప్పలేదు. అప్పటికే మా పెద్దత్తయ్య వచ్చి నిలబడ్డట్టుంది.”

‘మేం చచ్చేమా’ అన్నచోట హాలు విరగబడి నవ్విందట. తలుపు జేరవేసి చాటుగా చెంబు అందించినదాకా అంతా చేసి చూపించిందట. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మర్నాడు ఎవరో పెద్దలు చూడ్డానికి వస్తే వాళ్ల ముందు మళ్లీ చేయించింది.

పేరు చెప్పలేదు, నిజమే. కానీ మా ఇళ్లల్లో ఎవరి పేరు ఎవరు పలికారు గనక? మొగుడి పేరు పెళ్లాం అనదు. అత్త పేరు కోడలు తలవదు. వరసలతో పిలుచుకుంటాం, నడకతో, మాట విరుపుతో, కొంగు దోపే తీరుతో పోల్చుకుంటాం. పేరొక్కటీ దాచి తక్కిన మనిషినంతా తెచ్చి నిలబెడితే దాచిందేమిటి? మద్రాసు టీచరమ్మకి తెలియకపోవచ్చు. గోదారి గట్టున పుట్టిన మనిషికి తెలియొద్దూ? ఇన్నేళ్లయినా దీని దగ్గర నాకు కోపం వస్తుంది.

మా తోటికోడలు వాళ్లత్తగారి చెవిన వేసింది. ఆవిడ తేగల కట్ట పట్టుకుని మర్నాడే మా ఇంటికి దిగింది. “అక్కా, నిన్ను కాకినాడలో నాటకం ఆడేరంటే!” అంది గుమ్మంలోనే. వారం తిరక్కుండా మా వీధి నూతి దగ్గర ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని, “మేం చచ్చేమా?” అనుకుని కిసుక్కున నవ్వడం మొదలుపెట్టారు. మా అత్తగారు పక్కింటి అరుగు మీదకి వెళ్లడం మానేశారు. కొట్టుకి కూడా దొడ్డిదారినే వెళ్లేవారు.

నన్ను ఏమీ అనలేదు. తిడితే బాగుండును, మీ నాన్న దగ్గరికి పొమ్మంటే బాగుండును అనిపించింది. నా ముందు కంచం పెట్టి, ఎప్పట్లాగే వడ్డించారు. నా గ్లాసు నిండుగానే ఉంది. ఆవిడ చూసుకోకుండా మళ్లీ పోశారు. నీళ్లు పొంగి పీట మీదికి, అక్కణ్ణుంచి నా చీర మీదికి కారాయి. ఆవిడా తుడవలేదు, నేనూ తుడుచుకోలేదు.

సెంటరమ్మగారికి ఇవేవీ తెలియవు. కొత్త జాకెట్టుతో నవ్వుకుంటూ వచ్చి, చెప్పులు తిప్పి పెట్టి, “మంచినీళ్లు ఇప్పించండి పిన్నిగారూ,” అంది. మా అత్తగారే తెచ్చి ఇచ్చారు. తాగేదాకా నిలబడ్డారు.

“ఈసారి ఏం నేర్చుకొచ్చేవమ్మా?”

“కేసు చెప్పడమండి. అందరిలోకీ నాదే బాగుందన్నారు.”

“ఎవరి కేసు చెప్పేవు?”

ఆవిడ నా వంక చూసింది. నేను చంకలో పిల్లాడితో తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా మొహం చూసి, కింద పెట్టబోయిన ఖాళీ గ్లాసు అలాగే పట్టుకుంది.

“కొంగు దోపుకుని చేసేవంట కదా,” అన్నారు మా అత్తగారు. “ఏదీ, నాకూ చెయ్యి. కాకినాడంతా చూసింది. నేను చూడకూడదా?”

“పేరు చెప్పలేదు పిన్నిగారూ.”

“నా పేరు పెట్టి నన్నెవరు పిలుస్తారమ్మా, మా అమ్మ తప్ప? ఆవిడా పోయింది. పేరుతో నాకేం పని? నువ్వు చెయ్యి.”

అరిచి ఉంటే ఆవిడ చెప్పులు వేసుకుని పోయేదేమో. మా అత్తగారు అరవలేదు. పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. సెంటరమ్మగారు వసారా మధ్యలో నిలబడింది. కొంగు తీసి దోపుకుంది. తడబడి కుడివైపు దోపింది.

“అటు కాదు. ఎడంవేపు.”

మార్చుకుంది.

“ఊఁ. అను.”

“బాలింతకి నీళ్లేంటే... ఒళ్లు నీరు పట్టిపోదూ...”

“అక్కడ కూడా ఇలాగే గొణిగేవా? గొణిగితే అంతమంది ఎలా నవ్వేరు? గట్టిగా అను.”

ఆవిడ గట్టిగా అంది. అరచెయ్యి బోర్లా తిప్పింది. “మా అత్త మాకిచ్చిందా? మేం చచ్చేమా?” అంది. ఎంత సిగ్గుతో చచ్చిపోతున్నా ఆవిడ చేతిలో విద్య ఎక్కడికి పోతుంది? మా అత్తగారి గొంతు మా అత్తగారికే వినిపించింది. నేను కళ్లు మూసుకున్నాను.

“ఇప్పుడు మా కోడలిది చెయ్యి,” అన్నారు.

“పిన్నిగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను...”

“చేసేవు కదా అక్కడ. చెయ్యి.”

ఆవిడ నేలమీద పడుకుంది. గోడవైపు తల తిప్పింది. నూతిలో చేద పడిన చప్పుడు విన్నట్టు చెవి రిక్కించింది. నాలుక బయటికి తెచ్చి పెదాల మీద రాసుకుంది, ఒకసారి పైన, ఒకసారి కింద. మళ్లీ గోడ వంక చూసింది. మాట ఒక్కటీ లేదు. నేను అలా చేసేదాన్నని నాకే తెలియదు. నడివీధిలో ఒంటి మీద చీర జారిపోయినట్టయింది. పిల్లాణ్ణి అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్నాను.

మా అత్తగారు తనని చేసినప్పుడు చూసినదానికంటే దీన్ని ఎక్కువసేపు చూశారు.

“అలా చేసేదా?” అన్నారు.

“చేసేదండి.”

“నేను పక్కగదిలోనే ఉన్నానే.”

“ఉన్నారండి.”

“ఎక్కడ నవ్వేరు వాళ్లు?”

“‘మేం చచ్చేమా’ అన్నచోటండి.”

“నవ్వుతారు మరి,” అన్నారు మా అత్తగారు. లేచి పీట గోడకి జేరవేశారు. “వెళ్లమ్మా. ఇంక మా ఇంటికి రాకు.”

సెంటరమ్మగారికి చెప్పుల్లో కాలు దూరలేదు. వీధివైపుకే తిరిగి ఉన్నాయి, అయినా పట్టీ దొరకలేదు. చివరికి చేత్తో పట్టుకుని వట్టికాళ్లతో పోయింది. గొడుగు మా వసారాలోనే మర్చిపోయింది. మా ఆయన తరవాత తీసుకెళ్లి ఇచ్చొచ్చారు.

ఆ రోజు నుంచి ఆవిడ ఎవర్నీ దింపలేదు. సెంటరులో బొమ్మల అట్ట పట్టుకుని, బెత్తంతో చూపిస్తూ చదివేది. విటమిన్లు ఇన్ని, సూదులు ఇన్ని. ఆడవాళ్లు ఒకటి రెండుసార్లు చూసి, “అమ్మగారూ, ఆ చేపలావిణ్ణి చెయ్యరూ,” అని బతిమాలారు. “మర్చిపోయేనమ్మా,” అనేది. మెల్లగా జనం పలచబడ్డారు. నడిచేటప్పుడు మా ఇంటి ముందుకి వచ్చేసరికి అవతలి పక్కకి మారి, గొడుగు మా వైపుకి వంచుకునేది. ఒకసారి కొట్టు దగ్గర ఎదురుపడి ఆగింది. ఆవిడ ముందు నిలబడితే నా తల వంగిపోయింది. ఎవరు ఎవరికి తప్పు చేశామో నాకు తెలియలేదు.

“చెల్లెమ్మా, నా ఉద్యోగంలో నేను చేశానని చెప్పుకోదగ్గ మంచిపని అదొక్కటేనమ్మా,” అంది. “దాచుకుంటే సరిపోను. చూపించుకోవాలనిపించింది.”

మళ్లీ నాకు నెల తప్పింది. నెలలు నిండుతున్నకొద్దీ నాకు పురుటినొప్పుల భయం లేదు, నీళ్ల భయమే. ఈసారి చెంబు తెచ్చే మనిషి లేదు. అత్తగారు ఆ ఊసు ఎత్తరు. ఆ ఊతపదం ఆవిడ నోటివెంట వచ్చి ఏడాది అయింది. “అత్తయ్యా, ఈసారి నీళ్లిస్తారా?” అని అడగొచ్చు. అడిగితే, పోయినసారి మీరివ్వలేదని మొహం మీద అన్నట్టే కదా. ఆవిడ మొహం నేను ఇప్పటికే చూడలేకుండా ఉన్నాను. పోనీ, ఆవిడంతట ఆవిడ ఇస్తే? అది ఇంకా సిగ్గు. ఏ దారీ లేక రాత్రిపూట చెంబుడు నీళ్లు ముందే తాగేసి పడుకునేదాన్ని, ఒంట్లో దాచుకోవచ్చన్నట్టు.

ఇంతలో ఆ ఏటి తరగతులు అయ్యాయి. మా తోటికోడలు కాకినాడ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. మా అత్తగారు వసారాలో బియ్యం చెరుగుతున్నారు.

“ఏం, ఈసారి ఎవర్ని ఆడించింది మీ సెంటరమ్మ?” అన్నారు చేట ఆపకుండా.

“తననే పెద్దత్తయ్యా.”

చేట ఆగింది.

“టీచరమ్మ పోయినేటిది మళ్లీ చెయ్యమంది. కొత్తవాళ్లకి చూపించాలంట. ఈవిడ లేచి, అది కాదండి, ఇంకోటి చెప్తాను అంది. ఒక ఊళ్లో ఒక సేవిక ఉంది, పేరు చెప్పను అంది. గొడుగేసుకుని, చెప్పులు తిప్పి పెట్టి, మంచినీళ్లు అడిగి, అన్నీ చేసింది. ఆ ఇంటివాళ్లు తాగడానికి నీళ్లిస్తే తాగి, వాళ్ల గుట్టు తీసుకెళ్లి హాల్లో పోసింది ఆ సేవిక అని చేసింది. తన మొహం, తన గొంతూ. ఎవరిదో తెలియనిది ఎవరికి?”

“నవ్వేరా?” అన్నారు మా అత్తగారు.

“ఎక్కడి నవ్వు? అందరం తలలు దించుకున్నాం. ఎవరి కడుపులో చూసినా ఇలాంటిది ఒకటి ఉంటుంది కదా పెద్దత్తయ్యా. నేను మాత్రం? మీ సంగతి మా అత్తకి చెప్పింది నేను కాదూ?”

మా అత్తగారు మళ్లీ చేట ఎత్తారు. చాలాసేపు చెరిగారు. చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగారు.

తరవాత నెలలోనే నాకు పురుడొచ్చింది. ఆడపిల్ల. స్నానం అయింది, నడుము బిగించారు, వెల్లుల్లి కారం అన్నం తినిపించారు. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. నాలుక కదలకుండా పళ్లు బిగించుకున్నాను. ఇప్పుడు ఆ నాలుక ఎలా కదులుతుందో నాకూ తెలుసు, అత్తగారికీ తెలుసు. అత్తగారు గదిలోకి వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. వీధి గుమ్మంలో మా ఆయనతో ఏదో అన్నారు. కాసేపటికి సెంటరమ్మగారి గొంతు వినిపించింది.

“పిలిచేరంట పిన్నిగారూ.” గేటు అవతలే ఆగిపోయినట్టుంది.

“లోపలికి రా.”

ఇద్దరూ పురిటిగది గుమ్మంలోకి వచ్చారు. మా అత్తగారి చేతిలో ఇత్తడి చెంబు ఉంది. కాచి చల్లార్చిన నీళ్లు. అది ఎప్పుడు కాచారో, ఎంతసేపు అలా పట్టుకుని తిరిగారో నాకు తెలియదు.

“నువ్వియ్యమ్మా,” అన్నారు. “నా చేత్తో ఇవ్వడానికి నాకు సిగ్గుగా ఉంది.”

“నాకూ సిగ్గేనండి పిన్నిగారూ.”

“మరింక ఎవరిస్తారు? అది దాహంతో ఉంది. తీసుకో.”

ఆవిడ చెంబు అందుకుని వచ్చి నా తల కింద చెయ్యి వేసి లేపింది. నేను తాగాను. నేను తాగుతున్నంతసేపూ వాళ్లిద్దరూ చెరో గోడవైపు చూశారు.